రోడ్డు వేయడానికి డబ్బుంది, బాగుచేయడానికి ఏది?



వరంగల్‌లో గానీ, హన్మకొండలో గానీ, కాజీపేటలో గానీ పెట్రోలు బంకు దగ్గర బండి ఆపి మనం పోయించుకునే ప్రతి లీటరులో రోడ్ల పేరు మీద కొంత సొమ్ము కేంద్ర ప్రభుత్వానికి పోతుంది. దాన్ని రోడ్డు, మౌలిక సదుపాయాల సెస్సు అంటారు. 2022 మేలో సుంకాలు సవరించినప్పటి లెక్క ప్రకారం పెట్రోలు మీద లీటరుకు 5 రూపాయలు, డీజిలు మీద 2 రూపాయలు. అదే లీటరు మీద రాష్ట్ర ప్రభుత్వం వ్యాట్ తీసుకుంటుంది. తెలంగాణలో అది పెట్రోలుకు 35.2 శాతం, డీజిలుకు 27 శాతం. బండి కొన్ననాడే లైఫ్ ట్యాక్స్ కట్టేశాం. ఆ డబ్బు రవాణా శాఖ నుంచి రాష్ట్ర ఖజానాకు చేరింది.

ఇవన్నీ కట్టి బంకులోంచి బయటికి వస్తాం. రెండు మలుపులు తిరిగేసరికి మన బండి బల్దియా, అంటే మున్సిపల్ కార్పొరేషన్, రోడ్డు మీద ఉంటుంది. మనం ఇప్పుడు చెప్పుకున్న డబ్బులో ఆ రోడ్డుకు పేరుపెట్టి రాసిన వాటా లేదు. దాని గుంత పూడ్చవలసింది మన ఇంటి పన్నుతోనే. ఇంటి పన్నుతో ఎన్ని పనులు కావాలో మీకు తెలుసు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే. రోడ్డును అరగదీసే బండి మీద వచ్చే ఆదాయం హైదరాబాదుకు, ఢిల్లీకి పోతోంది. అరిగిన రోడ్డు బల్దియా నెత్తిన మిగులుతోంది. కొత్త రోడ్డు వేయడానికైతే ఏదో ఒక పథకం కింద పైనుంచి నిధులు దిగుతున్నాయి. వేసిన రోడ్డును కాపాడుకోవడానికి దిగడం లేదు. మరమ్మతు ఖర్చులో ప్రభుత్వానికి కూడా వాటా ఉండాలి. ఆ వాటా ఎంతో ముందే తెలియాలి, ఏటా రావాలి.

మన కంటికి రోడ్డంతా ఒక్కటే. కాగితాల్లో మాత్రం ఒక్కో ముక్కకు ఒక్కో యజమాని. హైదరాబాదు నుంచి కాజీపేట, హన్మకొండ దాటి ములుగు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం వరకు పోయేది 163వ నంబరు జాతీయ రహదారి. జగిత్యాల నుంచి కరీంనగర్, వరంగల్ మీదుగా ఖమ్మం పోయేది 563వ నంబరు. ఇవి కేంద్రం పట్టికలోవి. కొన్ని రోడ్లు రాష్ట్ర ఆర్ అండ్ బీ శాఖవి. కాకతీయ నగరాభివృద్ధి సంస్థ, అదే మన కుడా, వేసినవి కొన్ని. మిగిలినవన్నీ, అంటే గల్లీ నుంచి పెద్ద బజారు దాకా, గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్‌వి. ఏదైనా ఊరికి బైపాస్ పడితే, ఊరి లోపల మిగిలిన పాత హైవే ముక్కను జాతీయ రహదారుల జాబితాలోంచి తీసి రాష్ట్రానికి అప్పగించడం దేశమంతా ఉన్న పద్ధతి. పేరు మారుతుంది, బరువు మారదు. అంతకుముందు దాని మీద తిరిగిన సిటీ బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు ఆ తర్వాతా తిరుగుతూనే ఉంటాయి.

గుంతలో పడి మోకాలి చిప్ప పగిలినవాడికి ఈ జాబితాలతో పనిలేదు. అతను కార్పొరేటర్ దగ్గరికే పోతాడు. కార్పొరేటర్ ఇది ఆర్ అండ్ బీ వాళ్లదంటాడు. ఆర్ అండ్ బీ ఆఫీసుకు పోతే, పైపులైను కోసం తవ్వింది వేరే శాఖ కాబట్టి వాళ్లను అడగమంటారు. ఇలా తిప్పించుకోవడం మన ఊళ్లో చాలామందికి అనుభవమే.

ఈ ఊరి విస్తీర్ణం ఎలా పెరిగిందో కూడా చూడాలి. వరంగల్ మున్సిపాలిటీ 1994లో కార్పొరేషన్ అయింది. 2013లో చుట్టుపక్కల 42 గ్రామాలను కలిపారు. 2015లో గ్రేటర్ హోదా ఇచ్చారు. ఇవాళ బల్దియా పరిధి సుమారు 407 చదరపు కిలోమీటర్లు, 66 డివిజన్లు, రెండు జిల్లాల నేల. మడికొండ, హసన్‌పర్తి, పైడిపల్లి, మామునూరు లాంటి ఊళ్లు కాగితం మీద ఒక్కరోజులో నగరమైపోయాయి.

అవి పంచాయతీలుగా ఉన్నప్పుడు ఒక ఏర్పాటు ఉండేది. ఉపాధి హామీ పథకంలో కూలికి అరవై, సామగ్రికి నలభై అనే లెక్కలో సామగ్రి భాగంతో ఊళ్లో సీసీ రోడ్లు వేసుకునేవాళ్లు. ఆ సామగ్రి ఖర్చులో మూడు వంతులు కేంద్రానిది, ఒక వంతు రాష్ట్రానిది. ఊరు నగరంలో కలిసిన రోజున ఆ దారి మూసుకుపోయింది, ఎందుకంటే ఆ పథకం పల్లెలకే. పంచాయతీ ఖాతాలో పడే ఆర్థిక సంఘం సొమ్మూ ఆగింది. రోడ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. పొలాల నడుమ మట్టి బాటలూ, సగం వేసిన సీసీలూ, మోరీ లేని వాడలూ అన్నీ బల్దియా లెక్కలోకి వచ్చాయి. కలిసిన ఊరి వాళ్లు "పన్ను నగరంది, రోడ్డు పల్లెటూరిది" అని బాధపడటంలో తప్పులేదు. ఊళ్లను కలిపినప్పుడు వాటి రోడ్ల ఖర్చు ఎవరు ఎంత భరించాలో కూడా అదే ఉత్తర్వులో రాసి ఉండాల్సింది. అప్పుడు వదిలేసినదాని ఫలితం ఇప్పటికీ మన కాళ్ల కింద ఉంది.

సరే, బల్దియాకు ఏమేం వస్తాయి? ఇంటి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నల్లా బిల్లులు, ఇంటి నిర్మాణ అనుమతుల ఫీజులు, ట్రేడ్ లైసెన్సులు. ఇవి సొంతంగా వసూలు చేసుకునేవి. మరికొన్నిటిని రాష్ట్రం వసూలు చేసి పంచాలి. వృత్తి పన్ను అలాంటిదే. ఇల్లో స్థలమో చేతులు మారినప్పుడు రిజిస్ట్రేషన్ ఆఫీసులో కట్టే మొత్తం 2021 జులై నుంచి 7.5 శాతం. అందులో 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ. అది న్యాయంగా స్థానిక సంస్థలది. కానీ ముందు ప్రభుత్వ ఖజానాకు పోయి, అక్కణ్నుంచి తిరిగి రావాలి. సినిమా టికెట్ల మీద వచ్చే వినోదపు పన్ను 2017 జులైలో జీఎస్టీ వచ్చాక అందులో కలిసిపోయింది.

వచ్చినదాంట్లో ముందు పారిశుద్ధ్య కార్మికుల జీతాలు ఇవ్వాలి. అది ఆగకూడదు. వీధి దీపాలకు, నీళ్ల మోటార్లకు కరెంటు బిల్లు కట్టాలి. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో పది శాతం మొక్కలకు కేటాయించాలి. ఇవన్నీ కావలసినవే, ఏదీ కాదనలేం. చివరికి మిగిలినదే రోడ్డుకు. కొన్ని ఏళ్లు మిగులుతుంది, కొన్ని ఏళ్లు మిగలదు. మిగలని ఏడు వాన గట్టిగా పడితే ఇక చెప్పేదేముంది!

కేంద్ర ఆర్థిక సంఘం ఉంది కదా అనవచ్చు. పదిహేనవ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు అయిదేళ్లకు దేశంలోని పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. పెద్ద మొత్తమే. కానీ వరంగల్ లాంటి, పది లక్షల జనాభా దాటని నగరాలకు ఇచ్చినదాంట్లో అరవై శాతం తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే ఖర్చుపెట్టాలని షరతు. మిగిలిన నలభై శాతంలోనే రోడ్లూ, మోరీలూ, వీధి దీపాలూ, శ్మశానాలూ, పార్కులూ అన్నీ పోటీపడాల్సి వచ్చింది. నీళ్లకూ పారిశుద్ధ్యానికీ పెద్ద భాగం ఉంచడాన్ని నేను తప్పుపట్టను. రోడ్డు మరమ్మతుకు మాత్రం అక్కడ కూడా సొంత పద్దు లేదన్నదే నా బాధ.

రాజ్యాంగం ఏమంటోందో చూడండి. 1992లో 74వ సవరణ వచ్చింది, 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. దాంతో చేరిన పన్నెండవ షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన పద్దెనిమిది పనులు ఉన్నాయి. నాలుగోది రోడ్లు, వంతెనలు. పని జాబితాలో చేరింది. ఆ పనికి ఏ ఆదాయం వెంట రావాలో షెడ్యూలులో లేదు. అది తేల్చమని ఇంకో వ్యవస్థను పెట్టారు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ పంపకం గొడవ కొత్తది అనుకోవద్దు. దాదాపు వందేళ్ల కిందటే దీని మీద గట్టి ఆలోచన జరిగింది. 1927లో అప్పటి ప్రభుత్వం ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన ఒక రోడ్ల కమిటీ వేసింది. మోటారు బళ్లు పెరిగాయి, జిల్లా బోర్డుల రోడ్లు తట్టుకోలేకపోతున్నాయి, ఏం చేయాలన్నది ప్రశ్న. 1928లో వచ్చిన నివేదికలో ఆ కమిటీ సూటిగా చెప్పింది: రోడ్ల అభివృద్ధి రాష్ట్రాలకూ స్థానిక సంస్థలకూ తాహతుకు మించిన పని అవుతోంది, ఇది దేశమంతటికీ సంబంధించిన ప్రయోజనం, కాబట్టి కేంద్ర ఆదాయం నుంచి కూడా ఖర్చు పెట్టడం సబబే. ఆ మాట మీద 1929లో పెట్రోలు మీద గ్యాలనుకు రెండణాలు అదనంగా వేసి కేంద్ర రోడ్డు నిధి పెట్టారు. ఇవాళ మనం బంకులో కట్టే సెస్సుకు మూలం అదే. ఆ రెండణాల వెనుక ఉన్న కారణాల్లో స్థానిక సంస్థల బీదతనం ఒకటని గుర్తుపెట్టుకోవాలి.

1931లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇంకో మంచి పని జరిగింది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు అందులోనే ఉన్నాయి. జిల్లా బోర్డులు, మున్సిపాలిటీలు తమ రోడ్ల మీద గేట్లు పెట్టి బళ్ల దగ్గర టోలు వసూలు చేసుకునేవి. ప్రతి పొలిమేరలోనూ ఆగి డబ్బు కట్టాలంటే బస్సులకూ లారీలకూ కుదిరేది కాదు. అందుకని మోటారు వాహనాల పన్ను చట్టం చేసి గేట్లు ఎత్తేశారు. పన్ను ప్రభుత్వమే వసూలు చేస్తుంది, గేటు పోగొట్టుకున్న స్థానిక సంస్థకు నష్టపరిహారం ఇస్తుంది. ఇది నాకు చాలా నచ్చిన న్యాయం. నీ చేతిలో ఉన్న ఆదాయం నేను తీసుకుంటున్నాను, నీ రోడ్డు ఇంకా నీదే కాబట్టి నీ భాగం నీకు ఇస్తాను, అని ప్రభుత్వం ఒప్పుకుంది. నిజాం పాలనలో ఉన్న మన వరంగల్‌కు ఆ చట్టం వర్తించలేదు. కానీ ఆ న్యాయం ఏ ఊరికైనా ఒక్కటే. వాహన పన్ను ఆ తర్వాత ఎన్నో రెట్లు పెరిగింది. స్థానిక రోడ్డుకు రావాల్సిన భాగం మాత్రం ఆ వేగంతో పెరగలేదు. రానురాను అది అందరూ మరిచిపోయిన పద్దు అయింది.

ఇంకా వెనక్కి పోతే మన నేలమీదే దీనికి ఉదాహరణ ఉంది. కాకతీయుల కాలంలో చెరువు కట్టించడంతో పని అయిపోయినట్టు కాదు. చెరువును కట్టినవారికి, బాగుచేసి నిలిపేవారికి దాని కింద పండే భూమిలోంచి భాగం ఇచ్చే పద్ధతి ఉండేది. శాసనాల్లో అది దశబంధం పేరుతో కనిపిస్తుంది. కట్టిన నాడే బాగుచేసే ఖర్చు ఎక్కణ్నుంచి రావాలో నిర్ణయించేవారు. పాకాల, రామప్ప చెరువులు ఎనిమిది వందల ఏళ్లు నిలిచాయంటే రాతి పనితనం ఒక్కటే కారణం కాదు. ఆ కట్టుబాటు సడలిన చోట చెరువులు పూడిపోయాయి. చివరికి వాటిని తిరిగి తీయడానికి 2015లో మిషన్ కాకతీయ పెట్టి ఖజానా డబ్బు ఖర్చు పెట్టవలసి వచ్చింది. మన రోడ్ల విషయంలో మనం ఇప్పుడు చేస్తున్నది ఆ రెండోదే. చెడిపోయేదాకా చూస్తాం, చెడ్డాక పథకం పెడతాం.

ఈ నగరానికి పథకాలు తక్కువ రాలేదు. 2015లో వారసత్వ నగరాల కోసం కేంద్రం హృదయ్ పథకం పెట్టినప్పుడు ఎంపికైన పన్నెండు నగరాల్లో వరంగల్ ఒకటి. 2016 మేలో స్మార్ట్ సిటీగా ఎంపికైంది. స్మార్ట్ సిటీ లెక్క సగం సగం. నగరానికి 500 కోట్ల దాకా కేంద్రం, అంతే మొత్తం రాష్ట్రమూ స్థానిక సంస్థా కలిసి. ఆ డబ్బుతో స్మార్ట్ రోడ్లు వచ్చాయి, కాలిబాటలు, డివైడర్లు, దీపాలు వచ్చాయి. వచ్చినవి బాగున్నాయి, అందుకు సంతోషం. ఆ మిషన్ గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2025 మార్చి 31తో ముగించారు. ఇక ఆ రోడ్లను నిలబెట్టే బాధ్యత ఎవరిది? మళ్లీ బల్దియాదే. సగం సగం పంపకం శిలాఫలకం వేసేవరకే. ఆ తర్వాత నూటికి నూరు వంతులూ మనవే.

ప్రభుత్వాలు కొత్త పనినే ఇష్టపడటానికి కారణం తెలిసిందే. కొత్త రోడ్డుకు ప్రారంభోత్సవం ఉంటుంది, పేరు చెక్కిన రాయి ఉంటుంది. పగులులో తారు పోసినందుకు ఎవరూ రాయి పాతరు. కానీ రోడ్డు ఆయుష్షు తేలేది ఆ పగులు దగ్గరే.

ఇది కొంచెం వివరంగా చెబుతాను. తారు రోడ్డుకు అసలు శత్రువు నీళ్లు. పైపొర మీద సన్నని పగులు పడుతుంది. ఎండాకాలంలో అది ఎవరి కంటికీ ఆనదు. మృగశిర కార్తెలో మొదటి వానలు పడగానే ఆ పగులులోంచి నీళ్లు లోపలికి దిగి కింద కంకర పొరను మెత్తబరుస్తాయి. పైన ఇసుక లారీ ఒకటి పోతుంది, మెత్తబడిన చోట రోడ్డు కుంగుతుంది. కుంగిన చోట మళ్లీ నీళ్లు నిలుస్తాయి. దసరా నాటికి అక్కడ బండి పడేంత గుంత. రేగడి నేల మీద వేసిన రోడ్డయితే ఇంకా ఘోరం, ఆ మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది, పైన ఉన్న రోడ్డును కూడా చీలుస్తుంది. పగులు దశలోనే తారు పోసి మూస్తే అయ్యే ఖర్చు స్వల్పం. గుంతలు కలిసి రోడ్డు లేచిపోయాక దాన్ని తవ్వి మళ్లీ వేయాలి. రోడ్డు పక్క మోరీ పూడిపోతే ఎంత మంచి తారైనా ఆగదు. అందుకే మోరీలో పూడిక తీయడం కూడా రోడ్డు మరమ్మతే. దాన్ని వేరే పద్దులో రాసుకోవడం వల్ల మనం రెంటినీ పోగొట్టుకుంటున్నాం.

2020 ఆగస్టు వానలు మరచిపోలేం. 2023 జులైలో హంటర్ రోడ్డు ప్రాంతపు కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో, భద్రకాళి చెరువు కట్ట ఎలా తెగిందో చూశాం. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చి మళ్లీ కాలనీలు మునిగాయి. ప్రతిసారీ నీళ్లు పోయాక చూస్తే రోడ్లు కోతపడి ఉంటాయి. అప్పుడు రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి సాయం రావచ్చు. అందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రానిది 25. అంటే ఆపద వచ్చినప్పుడు పంచుకోవడం ప్రభుత్వాలకు తెలుసు. కానీ ఆ నిధి తక్షణ మరమ్మతుకే, దారి నడిచేట్టు చేయడానికే. రోడ్డును పూర్వంలా నిలబెట్టడం మళ్లీ ఊరి బరువే.

ఇప్పుడు ఎవరు ఎంత భరించాలి అన్న ప్రశ్నకు వద్దాం. అన్ని రోడ్ల ఖర్చూ ప్రభుత్వమే భరించాలని నేను అనను. మన ఇంటి ముందు గల్లీ మనది. దానిమీద తిరిగేది మనం, మన చుట్టాలు, కూరగాయల బండి, గ్యాసు బండి. దాన్ని ఇంటి పన్నుతో చూసుకోవడం ధర్మం. కానీ ఎనుమాముల మార్కెట్ రోడ్డు సంగతి వేరు. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని మనం గర్వంగా చెప్పుకుంటాం. పత్తి సీజనులో, ఆ తర్వాత మిర్చి సీజనులో ఎన్ని మండలాల నుంచి, ఎన్ని జిల్లాల నుంచి బళ్లు వస్తాయో అక్కడ ఒక పూట నిలబడితే తెలుస్తుంది. ఆ సరుకు మీద ఒక శాతం మార్కెట్ ఫీజు మార్కెట్ కమిటీకి పోతుంది. ఆ లారీల బరువు మోసే నగరం రోడ్డును బాగుచేయడంలో ఆ ఫీజు ఆదాయానికీ భాగం ఉండాలి కదా.

మేడారం జాతర చూడండి. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మల దగ్గరికి లక్షల మంది మన నగరం మీదుగానే పోతారు. వాళ్లను ఆదరించడం మనకు గౌరవం. ప్రభుత్వం జాతరకు ప్రత్యేకంగా నిధులు ఇస్తుంది, రోడ్లూ వేస్తుంది. జాతర వాహనాలు తిరిగిన నగరం లోపలి రోడ్ల అరుగుదలను కూడా ఆ నిధుల లెక్కలోనే చూడాలని నా అభిప్రాయం.

కాబట్టి గల్లీలు బల్దియావి. బయటి ఊళ్ల రాకపోకలు మోసే పెద్ద రోడ్లు అందరివి, వాటి ఖర్చులో ప్రభుత్వానికి పెద్ద వాటా ఉండాలి. హైవేలు పూర్తిగా పైవాళ్లవి. వాటిని బైపాస్ పడగానే వదిలించుకోకుండా, అప్పగించే ముందు బాగుచేసి అప్పగించాలి.

ఇది సాధ్యమేనా అంటే, చేస్తున్నవాళ్లు ఉన్నారు. న్యూజిలాండ్‌లో పెట్రోలు పన్ను, వాహనాల రుసుములు ఒక జాతీయ రవాణా నిధిలో పడతాయి. ఆ నిధి నుంచి స్థానిక కౌన్సిళ్ల రోడ్ల ఖర్చులో సగటున 53 శాతం ప్రభుత్వం ఇస్తుంది. మిగిలింది కౌన్సిలు తన ఇంటి పన్నుల నుంచి పెట్టుకోవాలి. అక్కడ నాకు అన్నిటికంటే నచ్చింది, ఆ శాతం అందరికీ ఒకటే కాకపోవడం. తాహతు తక్కువ ఉన్న కౌన్సిలుకు ఎక్కువ శాతం ఇస్తారు. మరమ్మతు కూడా ఆ లెక్కలోకే వస్తుంది, కొత్త రోడ్డు ఒక్కటే కాదు. ఆస్ట్రేలియాలో 2001 నుంచి రోడ్స్ టు రికవరీ అనే పథకంలో కేంద్రం నేరుగా స్థానిక కౌన్సిళ్లకు డబ్బు ఇస్తోంది. పైనుంచి వచ్చింది కదా అని సొంత ఖర్చు తగ్గించుకోకూడదని షరతు పెట్టింది. ఇది చాలా తెలివైన షరతు.

అంత దూరం పోనక్కర్లేదు, కేరళ ఉంది. అక్కడ రాష్ట్ర బడ్జెట్ నుంచి పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ నిర్వహణ నిధి అని విడిగా ఇస్తారు. అందులో రోడ్లకు ఒక భాగం, బడులు, ఆసుపత్రుల వంటి ఇతర ఆస్తులకు ఒక భాగం. అభివృద్ధి నిధులు వేరు, నిర్వహణ నిధి వేరు. దాంతో మరమ్మతు డబ్బు కొత్త పనుల్లో కలిసిపోయే అవకాశం తగ్గుతుంది. మన పథకాల్లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కూడా మంచి పాఠమే. 2000 డిసెంబరు 25న మొదలైన ఆ పథకంలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే అయిదేళ్లు దాన్ని చూసుకోవాలని ఒప్పందంలోనే రాస్తారు, ఆ నిర్వహణ ఖర్చు రాష్ట్రం ఇస్తుంది. పల్లె రోడ్డుకు ఉన్న ఆ భద్రత నగరం రోడ్డుకు ఎందుకు ఉండకూడదు? పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో గుంతల రహిత ఆంధ్రప్రదేశ్ అని కార్యక్రమం పెట్టి గుంతలు పూడ్చారు. మంచి పనే. అయితే కార్యక్రమం ఒక ఏడు ఉంటుంది, వాన ప్రతి ఏడూ ఉంటుంది.

ఒక అనుమానం చాలామందికి ఉంటుంది. పైనుంచి డబ్బు వస్తే బల్దియా ఇంకా సోమరి అవుతుంది, కాంట్రాక్టర్లు బాగుపడతారు అని. ఈ అనుమానాన్ని నేను కొట్టిపారేయను. అందుకే వాటా అడిగే ముందు బల్దియా తన ఇల్లు చక్కబెట్టుకోవాలి. మొదటగా ప్రతి డివిజన్‌కూ రోడ్ల రిజిస్టరు కావాలి. ఏ రోడ్డు ఎవరిది, ఎప్పుడు వేశారు, ఎవరు వేశారు, కాంట్రాక్టరు లోపాలు సరిచేయాల్సిన గడువు ఎప్పటిదాకా ఉంది, ఆఖరిసారి ఎప్పుడు బాగుచేశారు. ఇది డివిజన్ ఆఫీసు గోడ మీద అందరికీ కనబడాలి. గడువు లోపల రోడ్డు చెడిపోతే కాంట్రాక్టరు చేత చేయించాలి తప్ప మళ్లీ టెండరు పిలవకూడదు.

తవ్వకాల సంగతి కూడా అంతే. నీళ్ల పైపు, డ్రైనేజీ, కరెంటు కేబులు, ఫైబర్ కేబులు, ఎవరు తవ్వినా పూడ్చడానికి అయ్యే ఖర్చు ముందే కట్టించుకోవాలి. కట్టిన డబ్బు ఆ రోడ్డుకే పెట్టాలి. తవ్వినచోట మట్టి కప్పి వెళ్లిపోవడం వల్ల కొత్త రోడ్లు కూడా ఏడాదిలో పాతబడుతున్నాయి. ఒక శాఖ చేసిన కోతకు ఇంకో శాఖ వైద్యం చేయాలంటే ఏ లెక్కా నిలవదు.

ఇక పంపకం తేల్చే వ్యవస్థ సంగతి చెబుతానన్నాను. రాజ్యాంగం ప్రకారం ప్రతి అయిదేళ్లకు రాష్ట్రంలో ఒక ఆర్థిక సంఘం వేయాలి. రాష్ట్రం వసూలు చేసే పన్నుల్లో పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఎంత భాగం ఇవ్వాలో అది చెప్పాలి. దాని ప్రతి సిఫారసునూ, దానిమీద ఏం చేశారో వివరణతో సహా శాసనసభ ముందు పెట్టాలి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో ఈ సంఘానికి అధ్యక్షుడిగా సిరిసిల్ల రాజయ్యను నియమించారు. ఆయన గతంలో ఈ వరంగల్ నుంచే లోక్‌సభకు ఎన్నికైనవారు. ఈ ఊరి రోడ్లు ఆయన ఎరగనివి కావు. వాహన పన్ను నుంచి, పెట్రోలు మీది వ్యాట్ నుంచి ఒక స్థిరమైన భాగాన్ని స్థానిక రోడ్ల నిర్వహణ నిధిగా విడదీయడానికి సరైన వేదిక అదే. బలహీనమైన మున్సిపాలిటీకి, కొత్తగా ఊళ్లు కలిసిన కార్పొరేషన్‌కు ఎక్కువ భాగం రావాలి. డబ్బు ఏప్రిల్‌లోనే చేతికి రావాలి. వానలు వెలిసి, రోడ్లు లేచిపోయి, మార్చి నెలాఖరులో బిల్లుల హడావుడిలో వచ్చే డబ్బుతో మరమ్మతు జరగదు. అది కాగితాల మీదే ఖర్చవుతుంది.

కేంద్రాన్ని అడగవలసింది ఒకటుంది. బంకులో మన దగ్గర తీసుకునే సెస్సులో నగరాల లోపలి రోడ్లకు కూడా ఒక పద్దు రాయాలి. జయకర్ కమిటీ తాహతు చాలదని చెప్పిన స్థానిక సంస్థలు ఇవాళ్టికీ తాహతు చాలకనే ఉన్నాయి.

శ్రోతలారా, మీ ఇంటి పన్ను బకాయి ఉంటే కట్టండి. కట్టని ఊరు పైవాళ్లను వాటా అడిగితే చెల్లదు. కట్టాక గట్టిగా అడగండి. మీ డివిజన్‌లో రోడ్ల రిజిస్టరు ఉందా అని కార్పొరేటర్‌ను అడగండి. బల్దియా బడ్జెట్ కౌన్సిల్ ముందుకు వచ్చినప్పుడు కొత్త పనుల అంకె చూసి ఊరుకోకుండా, రోడ్ల మరమ్మతుకు విడిగా ఎంత రాశారో చూడండి. ఓటు అడగడానికి వచ్చే శాసనసభ్యుణ్ని, పార్లమెంటు సభ్యుణ్ని కొత్త రోడ్డు ఒక్కటే కోరకండి. ఉన్న రోడ్డు బాగుకు వాహన పన్నులో మా బల్దియా వాటా ఎంత, అది ఏ నెలలో వస్తుంది, అని అడిగి జవాబు రాసివ్వమనండి.